నెయ్యి పాలు కాదట!

మొన్న మా గల్లీ చివర కొత్తగ తెరిచిన బేకరీకి పోయిన. తలుపు తెరవంగనే చల్లటి గాలి, సన్నగ ఇంగ్లీషు పాట, అద్దాల అల్మారల కేకులు. గోడ మీద ఈ చివర నుంచి ఆ చివర దాక రాసిపెట్టిన్రు: మా కేకులల్ల గుడ్డు లేదు, పాలు లేవు, వెన్న లేదు, మైదా లేదు. లేనివాటి పేర్లు చదువుకుంట పోతె ఇగ అందుల ఏమున్నదో నాకు అర్థం కాలే. నా పక్కన నిలబడ్డ ఒకామె, గుండ్రాయి లెక్క ఉన్న ఆరోగ్యవంతురాలు, పాలు లేని కేకు తింటె మొహం మెరుస్తదని ఫోన్ల ఎవరికో చెప్తున్నది. నాకు నవ్వొచ్చింది, కడుపు గూడ మండింది. ఇసొంటి కేకునే బహ్రెయిన్ల నేను చేసిననాడు దాన్ని చూసి మూతి తిప్పని ఆడమనిషి లేదు. ఇప్పుడు దానికి వీగన్ అని పేరు పెట్టి అద్దాల పెట్టెల కూసోబెట్టిన్రు. అప్పుడు దాని పేరు కర్మ.

ఏం కొనకుండనే ఇంటికొచ్చిన. చెప్పులు విడువక ముందే ఫోను మోగింది. చూస్తె లలితక్క. బహ్రెయిన్ విడిచి వచ్చినంక పెండ్లిళ్లల్ల, చావులల్ల తప్ప మాకు పెద్దగ మాటల్లేవు. "సుజాతా, మా మీనూకు పాలు పడ్తలేవే. నా మనుమరాలు, కొడుకు బిడ్డ. డాక్టరు గుడ్డు గూడ బందు పెట్టమన్నడు. పిల్ల పుట్టినరోజొస్తున్నది. నువ్వప్పుడు ఏదో కేకు చేసేదానివి గదా, అసొంటిది ఒకటి చేసిపెట్టు. ఆదివారం పిల్లను తీసుకొని నేనే వస్త" అన్నది. సరే రా అక్కా అని ఫోను పెట్టేసిన. ఏదో కేకట! ఆ ఏదో కేకు ఏందో, ఈ లలితక్క ఎవరో చెప్పాలంటె మల్ల బహ్రెయిన్ల మేమున్న ఈసా టౌన్ దాక పోవాలె.

అప్పుడు నా జుట్టు ఇంక నల్లగనే ఉండె. మా ఆయన సల్మాబాద్ల ఒక గ్యారేజీల స్టోర్ కీపరు. పొద్దున్నే డ్యూటీకి పోయి మాపటికి గ్రీజు వాసనతోని ఇంటికొచ్చేటోడు. మా జగిత్యాల దిక్కు చుట్టాలందరికి నేను దుబాయిల ఉన్నట్టే. ఇది దుబాయి గాదు, వేరే దేశమని చెప్పి చెప్పి నోరు నొచ్చి ఊకున్న. పొద్దున తలుపు తెరిస్తె కింద రొట్టెల దుకాణం నుంచి కుబ్బూస్ కాలే వాసన, ఎదురింటి అరబ్బులామె వేసే ఊదు పొగ, నా వంటింట్ల ఎల్లిగడ్డ పోపు, మూడు కలిసి మెట్ల మీద కొట్లాడుకునేవి. ఎండకాలం నల్లా తిప్పితె చాయపత్తి ఏసుకునేటంత వేడి నీళ్లు. బట్టలు దండెం మీద ఏసి లోపలికి వచ్చేలోపట ఎండుతుండె. సుఖంగనే ఉండేది, అబద్ధమెందుకు. ఒక్క మా చిట్టి తిండి తప్ప.

చిట్టి మా ఒక్కగానొక్క బిడ్డ. ఊర్ల దానికి అన్నం ముట్టించిననాడు మా పెద్దత్త పాల పాయసం వేలుతోని తీసి నోట్లె పెట్టింది. అంతే, పెదవులు వాసినయి, ఒళ్లంత దద్దుర్లు, పిల్ల ఊపిరి ఈలేసినట్టు అయింది. పెద్దత్త ఏం చేసింది? ఎండుమిరపకాయలు దించి నిప్పులల్ల ఏసింది. ఇల్లంత పొగ. కండ్లల్ల నీళ్లు కారంగ, దగ్గు ఆపుకోలేక గోడ పట్టుకొని నిలబడి మరీ, "చూసిన్రా, ఘాటే వస్తలేదు! ఎంత దిష్టి తాకిందో బిడ్డకు" అన్నది. అసలే ఊపిరాడని పిల్లను ఆ పొగల నుంచి బయటికి గుంజుకొచ్చేవరకు నా పాణం పోయి వచ్చింది. బహ్రెయిన్ల డాక్టరు పరీక్షలు చేసి తేల్చి చెప్పిండు. పాలు, గుడ్డు, వాటితోని చేసింది ఏదైనా సరే, చుక్క గూడ పోవద్దు. "ఒకసారి దద్దుర్లతోని పోతదమ్మా, ఇంకోసారి గొంతు మూసుకపోతది. ఏసారి ఏమైతదో నేను చెప్పలేను" అన్నడు. ఆ మాట విన్నంక నాకు పక్కింటోళ్లు చేతుల గిన్నె పట్టుకొని వస్తే దొంగను చూసినట్టు అనిపించేది.

అందరు గల్ఫుకు పోయి బంగారం కొనుక్కొచ్చుకున్నరు. నేను రెండు మాటలు తెచ్చుకున్న: హలీబ్, బైద్. హలీబంటె పాలు, బైదంటె గుడ్డు. ఎదురింటామెతోని కాగితం మీద రాయించుకొని, ఆ అక్షరాల ఆకారం కండ్లల్ల అచ్చేసుకున్న. ఇంకొక్క అరబ్బీ ముక్క ఇప్పటికీ చదవరాదు. కింద కోల్డ్ స్టోర్ నడిపే మలయాళీ భాయ్‌కి నేను వస్తున్ననంటెనే చెమట పట్టేది. ప్రతి పొట్లం తిప్పి, ప్రతి డబ్బా బోర్లేసి, ఆ చీమ తలకాయంత అక్షరాలను ట్యూబులైటు కింద పట్టి చూసేదాన్ని. బిస్కట్ల హలీబ్. బ్రెడ్డుల హలీబ్. మొక్కల నూనెతోని చేసింది, బేఫికర్ అని ఆ భాయ్ చెప్పిన మార్గరిన్ డబ్బాల గూడ, అడుగున సన్నగ, హలీబ్. "చేచీ, కొంటరా, చదువుకుంటరా?" అని ఒకనాడు ఆ భాయ్ అడిగిండు. చేచీ అంటె వాళ్ల భాషల అక్క. చదువుకుంట అనే చెప్పిన.

ఇగ నా కేకుల సంగతి. గుండ్రటి అల్యూమినియం ఓవెన్ ఒకటి కొన్నం, మీద అద్దం ఉండేది. ఆ అద్దంల నుంచి నేను చూసిన ఘోరాలు ఇన్నన్ని గాదు. మొదటి కేకు పొంగనే లేదు. తర్వాతది పొంగి, నేను సంబురపడి మా ఆయనను పిలిచేవరకు నడుమ గూలబడ్డది. అరటిపండు ఏసి చేస్తె జిగట, పిండి ఎక్కువేస్తె బండ. పారెయ్య మనసొప్పక శుక్రవారం దాక దాచేదాన్ని, ఎందుకంటె శుక్రవారం మల్లేశం వచ్చేటోడు. మల్లేశం మా ఊరి పిలగాడు, బిల్డింగుల పని, క్యాంపుల ఉండెటోడు. సెలవునాడు ఇంటి అన్నం తిననీకి మా ఇంటికొచ్చి నన్ను వదినె అని పిలిచేటోడు. ఒకనాడు కేకు ముక్క కొరికి, దవడ పట్టుకొని, "వదినె, మా సైటుకు గింత గట్టి ఇటుక వస్తలేదు. మా సూపర్వైజరుకు చూపెడ్త, ఒక లోడు పంపు" అన్నడు. మా ఆయన అయితే పాపం ఏం అనకపోయేటోడు. చాయల ముంచుకొని, ముంచుకొని, గోడ దిక్కు చూసుకుంట నమిలేటోడు. గట్ల ఊకుంటెనే నాకు ఇంకింత మండేది.

తొవ్వ చూపింది దేవుడు గాదు, మోరి. వంటింటి మోరి జామైతె తినే సోడా చల్లి, సిర్కా, అదే వెనిగర్, పోసిన. బుస్సుమని నురగ పైకి లేచింది. నేను అట్లనే చూసుకుంట నిలబడ్డ. గుడ్డు చేసే పని ఇదే గదా, పైకి లేపుడు! ఆ దినమే మైదా, చక్కెర, కోకో పొడి, సోడా కలిపి, కొబ్బరిపాలు, నూనె పోసి, ఆఖరికి చెంచెడు సిర్కా ఏసి, నురగ పోకముందే ఉరికి ఓవెన్ల పెట్టిన. అద్దంల నుంచి చూస్తె పిండి మెల్లెగ లేస్తున్నది. లేచి, లేచినకాడనే నిలబడ్డది. చల్లారినంక కోస్తె మెత్తగ, దూది లెక్క. ఆ శుక్రవారం మల్లేశం ఒక్క జోకు గూడ ఎయ్యలే. రెండో ముక్క అడిగిండు. అటెనుక ఖర్జూరం కేకు, కొబ్బరిపాలతోని సేమియా, సగ్గుబియ్యం పాయసం అన్ని వచ్చినయి. చిట్టి మూతికి కోకో పూసుకొని అద్దంల చూసుకుంట ఇల్లంత తిరిగేది.

ఇంట్ల సరే. బయట లలితక్క ఉన్నది గదా. ఆమె మొగడు పెద్ద ఉద్యోగం, బుసైతీన్ల పెద్ద ఇల్లు, ఇంటి ముంగట కారు. ఉన్న కొద్దిమంది తెలుగు ఆడోళ్లకు ఆమెనే పెద్దదిక్కు. ఎవరికన్న కాన్పయితె మొదలు కారం పొడి, ఎల్లిగడ్డ తొక్కు పట్టుకొని పోయేది ఆమెనే. ఆ మాట చెప్పకపోతె పాపం తగుల్తది. కాని ఆమె కేకుల బడి గూడ నడిపేది. క్రీముతోని గులాబీలు, క్రీముతోని హంసలు, గుడ్లు డజన్లకు డజన్లు. ఆమె చెయ్యి పడని పుట్టినరోజు లేకుండె. అసొంటామె ముంగట నేను పాలు లేని కేకు పట్టుకొని పోతె ఊకుంటదా? "పాలు పడకపోవుడేందే? మనం పాలు తాగకనే పెరిగినమా? ఇయ్యాల చెంచెడు, రేపు రెండు చెంచెలు, అట్ల అలవాటు చెయ్యాలె. నువ్వే దాచి దాచి పిల్లను సుకుమారం చేస్తున్నవ్." ఆమె చుట్టు ఉన్నోళ్లు ఆమె కన్న తక్కువోళ్లా? ఒకామె "పాలు పొయ్యలే సుజాతా, ఒట్టు, పాల పొడే ఏసిన" అన్నది. ఇంకొకామె "గుడ్డు ఉన్నదిగని ఎక్కువ లేదు" అన్నది. అన్నిటికన్న మీద లలితక్క మాట: "నెయ్యి పాలు గాదు గదనే. అగ్గిల కాగినంక ఇగ పాలెక్కడియి?" డాక్టరు చదివిన చదువంత ఆ ఒక్క మాట ముంగట దిగదుడుపే.

ఆ పుట్టినరోజు దావత్తులల్ల ఒక పద్ధతి ఉండె. కేకు కోసినంక పెద్దోళ్లందరు వరుసగ వచ్చి పిల్లల నోట్లె తలా ఒక ముక్క పెట్టాలె. పెట్టి, వీడియో తీసేటాయన సరే అనేదాక చెయ్యి ముందుకు చాపి అట్లనే నవ్వుకుంట నిలబడాలె. ఆ పిల్ల బుగ్గలు ఉబ్బి, ముక్కు మీద క్రీము అంటి, మింగలేక కక్కలేక చూస్తుంటె అందరికి ముద్దు. మా చిట్టి స్టీలు డబ్బా ఒళ్లె పెట్టుకొని మూలకు కూసొని, తన కేకు తనే తినుకుంట ఆ వరుసను చూసేది. ఏ ఇంటి క్యాసెట్టు పెట్టినా అందుల మా పిల్ల మూలకే ఉంటది. ఒకనాడు జడ అల్లుతుంటె అడిగింది. "అమ్మా, నా పుట్టినరోజుకు నాకు గూడ అందరు తినిపిస్తరా?" బొమ్మ అడగలే, కొత్త గౌను అడగలే. అందరు తన నోట్లె ఒక ముక్క పెట్టాలె, అంతే. నాకు ఏడుపొచ్చింది, జడ గట్టిగ గుంజి అల్లిన.

అయితె చేద్దామన్న. అందరు తినే కేకు నేనే చేస్త, ఇంట్ల పాల చుక్క ఉండది, వచ్చినోళ్లందరు చేతులు కడుక్కున్నంకనే పిల్లను ముట్టాలె. మా ఆయన తలుపుకాడ సబ్బు పట్టుకొని నిలబడ్డడు. వచ్చినోళ్లందరు "ఏందిది, ఆపరేషన్ చెయ్యనీకి పోతున్నమా?" అని నవ్వుకుంటనే కడుక్కున్నరు. లలితక్క పట్టుచీర కట్టుకొని, పాలకోవ డబ్బా పట్టుకొని వచ్చింది. వద్దన్న గదా అక్కా అంటె, "పిల్లకు గాదే, ఇంటికి. ఖాళీ చేతులతోని ఎట్లొస్తరు?" అన్నది. ఆ డబ్బాను మల్లేశం పట్టుకపోయి కింద మా కారుల పెట్టి తాళమేసిండు. లలితక్క మూతి ముడుచుకొని, సబ్బు తీసుకొని మోచేతుల దాక కడుక్కున్నది. నేను మనసు నిమ్మలం చేసుకున్న. చిట్టి కేకు కోసింది. హారతి ఇచ్చేది పెద్దామె గాబట్టి లలితక్క పళ్లెం పట్టుకున్నది. దీపంల నెయ్యి పోసిందని, ఆ నెయ్యి తన ఇంటికాడ కాచి చిన్న డబ్బాల తెచ్చుకున్నదని నాకేం ఎరుక? తినేవాటి మీదనే నా కండ్లుండె, దీపం మీద ఎవరికుంటయి? హారతి అయింది. మొదటి ముక్క ఆమెనే పెట్టింది. చిట్టి కండ్లు మూసుకొని నోరు ఇంత పెద్దగ తెరిచింది. ఆ మొహంల ఉన్న సంతోషం నేను మల్ల ఎన్నడు చూడలే.

ఇంకొకామె ముక్క పట్టుకొని వచ్చేలోపట్నే చిట్టి గొంతు గోక్కున్నది. "అమ్మా, దురద" అన్నది. పెదవి నా కండ్ల ముంగట్నే ఉబ్బింది. నేను లలితక్క దిక్కు చూసిన. "అట్ల చూస్తవేందే? నెయ్యి చుక్కనే గదా! పుట్టినరోజునాడు నోట్లె నెయ్యి పడకుంటె ఎట్ల? జరంత అద్ది పెట్టిన" అన్నది. మల్లేశం పిల్లను ఎత్తుకొని మెట్లు దిగుడు దిగుడు గాదు, దుంకుడే. మా ఆయన కారు ఎట్ల నడిపిండో ఆయనకే తెల్వదు. వెనుక సీట్ల నా ఒళ్లె పిల్ల ఊపిరి ఈలేస్తున్నది, ఒళ్లంత నీలంగ అవుతున్నది, కారంత మూసిన డబ్బాల నుంచి పాలకోవ వాసన. దావఖాన్ల సూది మీద సూది ఇచ్చి, ముక్కుకు గాలి గొట్టం పెట్టిన్రు. "ఇంకింత సేపైతె మా చేతులల్ల ఏం ఉండకపోయేది" అన్నది నర్సు. పిల్ల కండ్లు తెరిచి నన్ను గుర్తుపట్టేవరకు నేను ఏ దేవునికి మొక్కలే. నాకు అంత కోపమొచ్చింది దేవుని మీద గూడ.

లలితక్క వెనుకనే వచ్చింది, ఏడ్చుకుంటనే వచ్చింది. వచ్చి ఏమన్నది? "అందరి కండ్లు పిల్ల మీదనే పడ్డయి సుజాతా. ఇంటికి పోంగనే దిష్టి తియ్యి." నేను నోరు తెరిస్తె ఏమంటనో అని మా ఆయన నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. అటెనుక నాలుగు ఇండ్లల్ల ఆమె చెప్పిన మాట నాకు మల్లేశం నోటికెల్లి చేరింది. మోరి కడిగే సిర్కా పోసి కేకు చేస్తె పసిపిల్లకు పడ్తదా అన్నదట. మంట నెత్తికెక్కింది. ఆమె ఇంటి గడప మల్ల తొక్కలే. కాని నాకు కోపం ఆ మాట మీద గాదు. మా చిట్టి ఆనాటి నుంచి ఎవరి చేతి ముద్ద గూడ తినలే. అమ్మమ్మ పెట్టినా తల తిప్పేది, మేనమామ పెట్టినా పెదవులు బిగవట్టేది. ఊర్లె "పిల్లకు ఎంత పొగరే" అన్నరు. దాని పెండ్లిల గూడ నేను నెయ్యి లేకుండ చేసిన లడ్డునే అల్లుడు పట్టుకొని నిలబడితె, అది తన చేతులల్లకు తీసుకొని పక్కన పెట్టింది. పాపం, పిల్లగాడు బిత్తరపోయిండు. పాలు దానికి ఇప్పటికి పడయి. అదొక బాధ గాదు, డబ్బాలు చదువుకోవచ్చు. అందరు తినిపియ్యాలని అడిగిన పిల్ల నోరు అట్ల మూసుకున్నదే, అది నాకు కడుపుకోత.

ఆదివారం లలితక్క మీనూను తీసుకొని రానే వచ్చింది. జుట్టంత తెల్లబడ్డది, మోకాళ్లు నొప్పులు. భుజానికి ఇంత పెద్ద సంచి, అందుల తుడుచుకునే కాయితాలు, మందులు, ఆపతికి ఇచ్చుకునే సూది, చిన్న అక్షరాలు చదవనీకి భూతద్దం. ఇంట్లకొచ్చుడుతోనే వంటింట్లకు పోయి నా నూనె డబ్బా తిప్పి చదివింది. "ఈ మైదా పొట్లం ఇంతకుముందు తెరిచిందా?" అని అడిగింది. నేను పండ్లు బిగవట్టి జవాబు చెప్పిన. మా చిట్టి ఆ దినం పుట్టింటికొచ్చి ఉన్నది, సోఫాల కూసొని అన్ని చూస్తున్నది. లలితక్క నీళ్లు తాగి, నిట్టూర్పిడిసి, "ఏం కాలమే సుజాతా! మన రోజులల్ల ఇవన్ని యాడియి? బహ్రెయిన్ల మన పిల్లలు ఎన్ని కేకులు తినలే? ఒక్కరికన్న ఏమన్నయిందా?" అన్నది. నేను చిట్టి దిక్కు చూసిన, చిట్టి నా దిక్కు చూసింది. ఆమె నిజంగ మర్చిపోయిందా, మర్చిపోయినట్టు చేస్తున్నదా, ఆ సంగతి నాకిప్పటికి తెల్వదు. నేను నోరు తెరవబోతుంటె చిట్టి కిసుక్కున నవ్వింది. నాకు గూడ నవ్వాగలే. లలితక్క ఎందుకో తెల్వకనే మాతోని కలిసి నవ్వింది.

కేకు అదే, కొబ్బరిపాలు, కోకో, మోరి కడిగే సిర్కా. మీనూ కండ్లు పెద్దగ చేసుకొని చూస్తున్నది. హారతికని నేను అల్మారల నుంచి దీపం తీస్తుంటె లలితక్క ఉరికినట్టు వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. "నువ్వుల నూనె పొయ్యి. నెయ్యి వద్దే తల్లీ. నెయ్యి గూడ పాలే గదా, అంత గూడ తెల్వదా నీకు?" నెత్తి మీద కొట్టినట్టయింది నాకు. ఇన్నేండ్ల సంది దాచుకున్న మాటలన్ని గొంతుల దాక వచ్చినయి. ఆ పట్టుకున్న చెయ్యి వణుకుతున్నది. ఆ వణుకు నాకు తెల్సు, ఆ కారు వెనుక సీట్ల నా చేతులు గూడ అట్లనే వణికినయి. నువ్వుల నూనె పోసిన.

కేకు కోసినంక మీనూ ఒక ముక్క పట్టుకొని, వాళ్ల నానమ్మ దగ్గరికి గాదు, నా దగ్గరికి గాదు, సక్కగ మా చిట్టి దగ్గరికి నడిచింది. చెయ్యి పైకెత్తి, కాలి వేళ్ల మీద లేచి, నోటికి అందియ్యబోయింది. చిట్టి ఎప్పటి లెక్కనే కొంచెం వెనుకకు జరిగింది. లలితక్క "అత్తకు చేతులకియ్యి బిడ్డా" అనబోయింది. మీనూకు ఏం సమజైందో ఏమో. ముక్కను పళ్లెంల పెట్టి, రెండు అరచేతులు తిప్పి మా చిట్టి ముంగట చాపింది. "కడుక్కున్న. సబ్బుతోని. చూడు, వాసన చూడు" అన్నది. మా చిట్టి ముంగటికి వంగి ఆ చేతుల వాసన చూసింది. మెల్లెగ కింద మోకాళ్ల మీద కూసొని, కండ్లు మూసుకొని, నోరు తెరిచింది.